గుడ్డు మీద ఈకలు పీకే నా కూతురు

మంగళవారం పొద్దున నేను రాట్నం ముందర కూర్చుని కండెలు చుడుతున్నాను. మగ్గం సర్దుతున్న నా కొడుకు దాని గుంటలోంచి లేచి, ఫోను చెవికి పెట్టుకుని వాకిట్లోకి పోయాడు. చాలాసేపు రాలేదు. వచ్చినవాడు మగ్గం ఎక్కకుండా నా పక్కన నేల మీద కూర్చున్నాడు. నేసే మనిషి పనివేళ అట్లా కూర్చోడు.

"మా, రాట్నం ఆపు."

నేను ఆపలేదు. ఆపితే ఏదో వినాల్సి వస్తుందని నా చేతికి తెలిసింది. వాడే నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"అక్క బస్సు దిగి బడికి నడిచిపోతా పోతా పడిపోయిందంట మా. ఆసుపత్రికి తీస్కపోయినారంట. లేదంట."

"లేదంటే? యాడికి పోయిందంట?" అని అడిగాను. నాకు అర్థమయింది. అయినా అడిగాను.

పోయింది నా కూతురు. ఓర్వకల్లు దగ్గర ఒక పల్లె బడిలో తెలుగు చెప్పేది. కర్నూలులో ఒక గది తీసుకుని ఉండేది, ఆదివారం ఆదివారం మా ఇంటికి వచ్చేది. నలభై కూడా నిండలేదు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదో అడిగితే ఒక గంట చెబుతుందని భయపడి మా బంధువుల్లో ఎవరూ అడగలేదు.

బడిలో సభ పెట్టారు. నన్ను ముందర వరసలో కూర్చోబెట్టారు. క్రమశిక్షణ అన్నారు, నిబద్ధత అన్నారు, ఆదర్శం అన్నారు. ఆ మాటలు వింటుంటే ఎవరి కూతురి గురించో చెబుతున్నట్టు ఉంది. మా వీధిలో నా కూతురికి ఉన్న పేర్లు వేరు. సభ అయ్యాక హెడ్మాస్టరు సారు నా దగ్గరికి వచ్చి, ఆమె మీద చిన్న పుస్తకం వేస్తున్నామమ్మా, మీరు కూడా నాలుగు మాటలు రాయండి అన్నారు. నేను ఐదో తరగతి దాకా చదివినదాన్ని సారూ, తప్పులు పోతాయి అన్నాను. "పోనీండమ్మా. దిద్దే మనిషి లేదు కదా, మేమే ఎట్లనో దిద్దుతాం" అని సారు మొహం పక్కకు తిప్పుకున్నారు.

అందుకని రాస్తున్నాను. చదివేవాళ్ళు పొగడ్త ఉంటుందని అనుకోవద్దు. నేను నా కూతుర్ని ఒక మాట అన్నాను. ఆ మాట మోసుకునే పోయిందా, లేక దారిలో ఎక్కడైనా దించేసిందా అనేది నాకు తెలియాలి. పెద్దకర్మ రోజు కూడా నాకు అదే ధ్యాస. అందరూ ఆమె లేదని ఏడుస్తుంటే నేను ఆ మాట కోసం ఏడ్చాను.

ముందు ఆమె ఎట్లాంటిదో చెప్పాలి.

ఏడేండ్లప్పుడు మా మామ, అంటే వాళ్ళ తాత, పిల్లలందరినీ కూర్చోబెట్టుకుని రామాయణం చెబుతుండేవాడు. ఆయన చెప్పే కథలో రావణుడి తలలు ఒక రోజు పది, ఒక రోజు పన్నెండు. తక్కిన పిల్లలు నోరు తెరుచుకుని వింటుంటే ఇది లేచి నిలబడి, "తాతా, నిన్న పది అంటివి. రెండు తలలు కొత్తగా మొలిచినాయా?" అంది. మా మామ చేతిలో విసనకర్ర పడేశాడు. "ఒరే, మన ఇంట్లో నేసేవాళ్ళు పుట్టాల గానీ ఈ పంతులమ్మ యాడ పుట్టిందిరా!" అన్నాడు. ఆ రోజు నుంచి వీధి మొత్తానికి అది పంతులమ్మ. తర్వాత నిజంగా టీచరు ఉద్యోగం వచ్చినప్పుడు కూడా ఎవరూ కొత్తగా ఏమీ అనుకోలేదు. ప్రభుత్వం కూడా మన మాటే ఒప్పుకుంది అన్నారు.

పెద్దయ్యేకొద్దీ పేర్లు పెరిగాయి. నీళ్ళ ట్యాంకరు దగ్గర వరస తప్పిన వాళ్ళకు బుద్ధి చెప్పినందుకు మైకు అన్నారు. టీ తాగి ప్లాస్టిక్ గ్లాసు కాలువలో వేసిన మనిషిని ఆపి, ఆ గ్లాసు ఎక్కడికి పోతుందో, పోయి ఏమవుతుందో చెప్పినందుకు సుద్దులమ్మ అన్నారు. నస అన్నారు, సోది అన్నారు, అన్నీ తెలిసినమ్మ అన్నారు. మా పక్కింటి బీబీ ఎండాకాలంలో బనగానపల్లె నుంచి మామిడిపండ్లు తెచ్చి అమ్ముతుంది. ఆమె నా కూతుర్ని ఉస్తాదమ్మ అనేది. ఆదివారం బస్సు దిగి మా కూతురు సందు మలుపు తిరిగిందంటే బీబీ గడప మీది నుంచే గొంతెత్తేది:

"వచ్చిందమ్మా ఉస్తాదమ్మ! ఎవురి తప్పులు వాళ్ళు దాచుకోండే!"

"నీ పండ్లే ముందు దాచుకో బీబీ. మందు వేసి మాగబెట్టినావా, గడ్డి వేసి మాగబెట్టినావా?"

"అల్లా తోడు, గడ్డే బేటీ!"

"గడ్డయితే అన్నీ ఒకేతూరి పసుపుపచ్చగా ఎట్ల అయినాయి?"

"అరె, నీకు భయపడి అయినాయి!"

ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. తర్వాత బీబీ ఒక పండు తీసి ఆమె చేతిలో పెట్టేది. ఆమె దాన్ని వాసన చూసి, కడిగి, ఇంకోసారి కడిగి తినేది.

మా ఇంట్లో ఉప్పు డబ్బా మీద ఉప్పు అని, చింతపండు డబ్బా మీద చింతపండు అని కాగితాలు అంటించింది. నలభై ఏండ్లుగా ఆ డబ్బాలు తీసేది నేనే కదే అంటే, "నువ్వు లేని రోజు తమ్ముడు వండుకోవాల గదమా" అంది. నా బీపీ మాత్రల అట్ట మీద వారాల పేర్లు రాసేది. ఆదివారం రాగానే చెప్పులు విప్పకముందే ఆ అట్ట అడిగేది. గురువారం మాత్ర అట్లే ఉంటే, గురువారం నేను ఏమేం చేశానో పొద్దున్నుంచీ విచారించేది. పోలీసు కూడా అంత అడగడు.

అహోబిలం పోయినప్పుడు, కోతులకు తిండి పెట్టరాదు అని రాసిన బోర్డు దగ్గర నిలబడి, అరటిపండ్లు కొంటున్న వాళ్ళకందరికీ ఎందుకు పెట్టకూడదో చెప్పింది. ఆమె చెబుతుండగానే ఒక కోతి వెనక నుంచి వచ్చి ఆమె సంచీ లాక్కుపోయింది. చుట్టూ ఉన్న జనం చప్పట్లు కొట్టారు. ఆమె ఏమాత్రం సిగ్గుపడలేదు. "చూసినారా, ఇదే నేను చెప్పేది" అని మళ్ళీ మొదలుపెట్టింది.

ఒకసారి విసుగొచ్చి నేనే, "నీ చాదస్తం తగలెయ్య!" అన్నాను. అలుగుతుందేమో అనుకున్నాను. నా ముందర చాప మీద కూర్చుని కాళ్ళు ముడుచుకుంది.

"ఆ మాట యాడినుంచి వచ్చిందో తెల్సామా? ఛందస్సంటే వేదం. వేదం చదివిన ఆయన్ను ఛాందసుడు అనేవాళ్ళు. పంతులన్నా మొదట పండితుడే. మనోళ్ళు గౌరవం ఇచ్చీ ఇచ్చీ అలిసిపోయి, దాన్నే తిట్టు చేసుకున్నారు."

"తిట్టించుకుంటా గూడా పాఠం చెప్తావేమే?"

"మరి నువ్వు తిడతా గూడా ఛాందసాన్ని చాదస్తం అంటివి గదమా."

తనను ఎవరేమన్నారో దానికి మార్కులు వేయడం ఆమెకు అలవాటు. ఉస్తాదమ్మ అన్న బీబీకి పదికి పది. మైకు అన్నవాళ్ళకు మూడు, ఎందుకంటే దాంట్లో కష్టపడింది ఏమీ లేదంట. నేను గుడ్డు మీద ఈకలు పీకేది అంటాను కదా, నాకు తొమ్మిది. ఒక మార్కు ఎందుకు తగ్గించినావే అంటే, "వెతికితే ఉంటాయేమో అని నువ్వు ఒక్కసారి గూడా చూడలేదు" అంది.

ఆమె ఎప్పుడూ ఒక మాట అనేది. "చెప్పించుకునేదానికి ఎవురికీ ఇష్టం ఉండదుమా. చెప్పేదానికి నాకు మాత్రం ఇష్టమనుకున్నావా? చూసినాక గమ్మునుంటే నిద్ర పట్టదు, అంతే." అప్పుడు నేను ఆ మాట పట్టించుకోలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. రాయడానికి చెయ్యి ముందుకు పోవడం లేదు, అయినా రాస్తాను.

మా ఇంట్లో నా కొడుకు నేస్తాడు. మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోవచ్చినప్పుడు దాని కొసలు వదిలేసి, కొత్త పడుగు తెచ్చి, పాత పోగు ఒక్కొక్కదానికీ కొత్త పోగు ఒక్కొక్కటీ అతకాలి. వేళ్ళకు బూడిద అద్దుకుని రెండు కొసలూ కలిపి మెలిపెడతాము. వేల పోగులు. ఏ పోగు దానికే అతకాలి. ఒకటి పక్కదానికి పోయిందంటే లోపల అడ్డం పడి, నేసేటప్పుడు తెగుతూనే ఉంటుంది. రంగు పోగయితే చీర పొడుగునా తప్పు గీత పడుతుంది. ఆ అతికే పని నాది. పెళ్ళయి వచ్చిన ఏడాది మా అత్త నేర్పింది. మా ఆయన పోయాక, మోకాళ్ళు అరిగి మగ్గం ఎక్కలేనప్పుడు, ఈ ఇంట్లో నాకు మిగిలిన పని అదొక్కటే. నా అతుకు తెగదు అని వీధిలో పేరు ఉండేది.

పోయిన ఉగాది ముందర నా కండ్లకు ఏదో అయింది. దీపం చుట్టూ పొగ ఉన్నట్టు ఉండేది. నేను ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ పని కూడా నా చేతిలోంచి తీసేస్తారని భయం. ఒక ఆదివారం నేను అతికి లేచిన పడుగు దగ్గర నా కూతురు వంగి చూసింది. సెల్లు లైటు వేసి ఇంకా వంగి చూసింది. ఆ రోజు మాకు పడుగులు ఇచ్చే షావుకారు గుమాస్తా వాకిట్లో కూర్చుని ఉన్నాడు. బీబీ కూడా ఉంది.

"మా, ఈ పోగు దీనిది కాదు. ఇది గూడా కాదు. ఈడ మూడు తప్పినాయి. నీకు కన్ను సరిగ్గా ఆనడంలే. శుక్లం వచ్చింటాది. రేపే పోదాం పా, చూపిస్తా."

గుమాస్తా తల ఎత్తి నా వైపు చూశాడు. ఆ చూపుకు నాకు ఒళ్ళు మండింది.

"నలభై ఏండ్లుగా అతుకుతాండా. నువ్వు నాకు నేర్పిచ్చేదానివా?"

"నేర్పిచ్చేది కాదుమా. నువ్వే చూడు..."

"నోరు మూయ్! నీకు తప్పు కనపడకపోతే తిన్నది అరగదు. చెప్పేదానికి ఎవురో ఒకరు కావాల నీకు. బడిలో పిల్లోళ్ళు చాలక ఇంటికొస్తావు. నువ్వొస్తే ఈ ఇంట్లో గాలి ఆడదు."

ఆ చివరి మాట విని బీబీ "వదినా..." అని ఆగిపోయింది. నా కూతురు సెల్లు లైటు ఆర్పింది. నేను ఆమె మొహం చూడలేదు. ఆ మాటకు ఆమె మార్కులు వేయలేదు.

మళ్ళీ ఆదివారం రాదేమో అనుకున్నాను. వచ్చింది. చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని, పెట్టింది తిన్నది. పులుసులో నేను ఉప్పు మరిచిపోయాను. ఏమీ అనలేదు. మాత్రల అట్ట కావాలనే ఆమెకు కనపడేటట్టు గూట్లో పెట్టాను, మూడు రోజులవి అట్లే ఉంచి. చూసింది. అడగలేదు. ఇంటికి ఎవరో పరాయి మనిషి వచ్చి పోయినట్టు ఉంది. బీబీ గడప మీది నుంచి "ఉస్తాదమ్మకు జ్వరమా ఏంది?" అంటే చిన్నగా నవ్వి లోపలికి పోయింది.

ఇట్లా ఉగాది నుంచి దసరా దాకా. ఆదివారం వస్తుందంటే నాకు శనివారం నుంచే భయం. ఏదైనా అంటుందేమో అని కాదు, ఈ వారం కూడా ఏమీ అనదేమో అని. నేను ఒక్క మాట అంటే అయిపోయేది. కోపంలో అన్నానే పాపా అంటే చాలు. తల్లిని కదా, నేను ఎందుకు అనాలి అనుకున్నాను. పైగా నాకు ఇంకో పొగరు కూడా పట్టింది. ఆ ఆర్నెల్లలో నేను అతికిన పడుగుల్లో ఒక్క పోగు తెగలేదు. నా కొడుకు మగ్గం ఆగకుండా ఆడింది. ఒక ఆదివారం అన్నం పెడుతూ దెప్పాను.

"చూసినావా? గుడ్డిది గుడ్డిది అంటివి. ఎన్ని తెగినాయో మీ తమ్మున్ని అడుగు."

ఆమె కంచంలోంచి తల ఎత్తలేదు. "అవునుమా" అంది. నా కొడుకు నీళ్ళు తాగుతా తాగుతా కొరబోయి దగ్గాడు. అప్పుడు కూడా నాకు ఏమీ తట్టలేదు.

ఆఖరి ఆదివారం. ముందు రోజంతా కూర్చుని కొత్త పడుగు అతికి లేచాను. మధ్యాహ్నం తిని, ఎప్పటి మాదిరి లోపలి గదిలో పడుకున్నాను. కరెంటు పోయి ఫ్యాను ఆగింది. ఉక్కకు తొందరగా మెలకువ వచ్చింది. లేచి వస్తే, మగ్గం వెనకాల ఆమె కూర్చుని ఉన్నట్టు మసకగా కనిపించింది. నా అడుగు విని గబుక్కున లేచి నిలబడింది. రెండు చేతులూ చీర కుచ్చిళ్ళకు తుడుచుకుంది.

"ఏం వంకలు వెతుకుతాండావు మళ్ళీ?"

"ఏం లేదుమా. ఊరికే కూర్చున్నా."

"ఊరికే కూర్చునేదానివే నువ్వు!"

బస్సుకు ఇంకా టైము ఉంది. అయినా సంచీ తీసుకుంది. గడప దిగి వెనక్కి తిరిగింది. ఏదో అనడానికి నోరు తెరిచింది. అనలేదు. నేను కూడా ఏంది అని అడగలేదు. ఇంకా కోపమే అనుకున్నాను. సందు మలుపు తిరిగేదాకా కూడా చూడకుండా లోపలికి వచ్చేశాను. మంగళవారం ఫోను వచ్చింది.

మైల రోజులన్నీ మగ్గం ముట్టలేదు. పెద్దకర్మ అయిన మూడో రోజు నా కొడుకు ఆ కొత్త పడుగు నేయడం మొదలుపెట్టడానికి గుంటలోకి దిగాడు. నేను గోడకు ఆనుకుని వింటున్నాను. మా మాదిరి వాళ్ళకు మగ్గం ఎట్లా ఆడుతుందో కండ్లతో చూడనక్కరలేదు, చెవులు చాలు. నాలుగు దెబ్బలు పడతాయి, ఆగుతుంది. వాడు వంగి తెగిన పోగు ముడేస్తాడు. మళ్ళీ మూడు దెబ్బలు, మళ్ళీ ఆగుతుంది. ఒక గంట ఓర్చుకున్నాను.

"ఏందిరా అట్ల తెగుతాండాయి?"

"ఏం లేదులేమా. నూలు బాలేదు."

"నూలు బాలేకపోతే అంతటా తెగాల. నువ్వు ఎడమ పక్కకే వంగుతాండావు. చప్పుడు నాకు తెల్దా?"

వాడు కాలు మగ్గం కింద అట్లే పెట్టి కూర్చున్నాడు.

"నిజం చెప్పు నాయనా. నేను అతికింది తప్పా?"

అప్పుడు చెప్పాడు. తల వంచుకుని, తప్పు తనదే అయినట్టు.

"ఇదొక్కటే కాదుమా. ఉగాది నుంచి అన్నీ తప్పినాయి. ఆదివారం నువ్వు పండుకున్నాక అక్క కూర్చునేది, అంతదాకా కొత్త పడుగు నేను నేసేవాన్ని కాదు. తప్పిన పోగులన్నీ విప్పి మళ్ళా అతికేది. కుడి పక్క మొదలుపెట్టి ఎడమ దాకా, నువ్వు లేసే లోపల. నీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది."

"ఏంటికి?"

"అమ్మకు అదొక్క పనే మిగిలిందిరా, ఇప్పుడు అది గూడా కాదంటే మనిషి కూలిపోతాది, అన్నది. కన్ను సంగతి మెల్లగా నేనే చెప్తాలే, ఇప్పుడు నా మాట ఇనదు, అన్నది."

గాలి ఆడదు అన్నాను కదా ఆమెను. ఉక్కలో, ఫ్యాను గాలికి పోగులు ఎగురుతాయని ఫ్యాను కూడా వేసుకోకుండా, ఆర్నెల్ల పాటు ఆ మగ్గం వెనకాల నోరు మూసుకుని కూర్చుంది. లోకంలో ఎవరి తప్పూ చూసి గమ్మునుండలేని మనిషి, నా ఒక్కదాని తప్పు చూసి గమ్మునుంది. అన్ని ఆదివారాలు ఆమె రాత్రి ఎట్లా నిద్రపోయిందో నాకు తెలియదు.

నేసేది అక్కడితో ఆపమన్నాను. మరుసటి వారం నేనే కొడుకును వెంటబెట్టుకుని కర్నూలు పోయి కన్ను చూపించుకున్నాను. డాక్టరమ్మ చూసి, ఇన్నాళ్ళు ఎందుకు రాలేదమ్మా, ఇంట్లో ఎవరూ చెప్పలేదా అంది. చెప్పిందమ్మా అన్నాను.

ఆపరేషన్ అయి, నల్ల అద్దాలు తీయవచ్చు అన్న రోజు పొద్దున్నే మగ్గం దగ్గరికి పోయాను. నా కొడుకు నేసింది జానెడు గుడ్డ, అట్లే ఉంది. కుడి అంచు మీద వేలు పెట్టి మెల్లగా ఎడమకు జరుపుకుంటా పోయాను. కుడి పక్క గీతలన్నీ దారం పట్టి కొట్టినట్టు నేరుగా ఉన్నాయి. సగం దాటాక ఒక చోటి నుంచి గీతలు పక్కకు జరిగాయి, అడ్డదిడ్డంగా ముడులు వచ్చాయి. అవి నావి. ఆ చోట నా వేలు ఆగింది. అక్కడే కరెంటు పోయింది. అక్కడే నేను లేచి వచ్చాను.

ఆమె గడప దగ్గర ఏం చెప్పబోయిందో నాకు ఇప్పటికీ తెలియదు. కన్ను సంగతే కావచ్చు. సగమే అయింది మా, తెగుతాయి అని కూడా కావచ్చు. కోపం మాత్రం కాదు అని ఈ గుడ్డ చెబుతుంది. ఇదొక్కటి తెలిసింది నాకు.

ఆ చోటనే ఒక పోగు లేదు. విప్పింది, మళ్ళీ అతికే లోపల నా అడుగు వినపడింది. జానెడు గుడ్డలో ఆ ఒక్క పోగు మేర సన్నగా ఖాళీ ఉంది. కిటికీలోంచి పడే పొద్దుటి ఎండ ఆ ఖాళీలోంచి దిగి, కింద మగ్గం గుంటలో వెంట్రుకంత గీతగా పడుతుంది. వెనకాల ఆ పోగు కొస ఒక్కటే వేలాడుతా ఉంది. కొసకు ఇంకా కొంచెం బూడిద అంటుకుని ఉంది.